బాపుకింకా పన్నెండు కాలే

మొన్న నా ఫోను మొండికేసింది. ఫొటో తీయబోతే జాగా లేదంటుంది. ఎవరో పంపిన పెళ్ళి పత్రిక తెరవబోతే జాగా లేదంటుంది. రిటైరైన మాస్టారి ఇంట్లో కావలసినంత జాగా ఉంది గాని ఫోనులోనే లేకుండా పోయింది. విసుగొచ్చి, కరీంనగర్ బస్టాండు వెనక సందులో ఉన్న సెల్‌ఫోన్ల దుకాణానికి తీసుకుపోయాను.

దుకాణం భాయ్ నాలుగుసార్లు వేలితో అటూ ఇటూ జరిపి నవ్వాడు. "క్యా సార్, గుడ్ మార్నింగ్ బొమ్మలతోనే సగం నిండింది. గివన్ని తీసేస్త. గీ వాయిస్‌లు గూడ పాతవే ఉన్నయి. తీసేయాల్నా?" అంటూ ఒకదాన్ని నొక్కాడు.

దుకాణమంతా వినపడేలా ఒక గొంతు పలికింది. "టీచరమ్మా, నమస్తె. మస్కట్‌ల గిప్పుడే పన్నెండయింది. స్కేలు నిలవెట్టిన. స్కేలు ఎంతుందో నీడ గూడ గంతే ఉంది. మా రూంలున్నోల్లందరం జూసినం."

"ముట్టకు!" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, చార్జర్ బేరం చేస్తున్నాయన తిరిగి చూశాడు.

"ఎవరు సార్, చుట్టమా?" అన్నాడు భాయ్.

చుట్టం కాదు. ఆయన ముఖం కూడా నేనెన్నడూ చూడలేదు. ఆయన టీచరమ్మా అని పిలిచిన మనిషే నాకు కావలసింది. తమాషా ఏమిటంటే, ఆయన అలా పిలిచిననాటికి ఆమె ఇంకా టీచరమ్మ కాలేదు.

బీఎడ్ చదివే పిల్లలు ఏటా చలికాలంలో మా బడికి ప్రాక్టీసుకు వచ్చేవారు. ధర్మపురి పోయే దారిలో చిన్న ఊరి బడి అది. ఒకే రంగు చీరలు, చంకలో చుట్టిన చార్టులు, రికార్డు పుస్తకాల అంచులకు స్కెచ్ పెన్నుతో వేసిన పూలతీగలు. వచ్చేవారు, చెప్పేవారు, చివరి రోజు మిఠాయి డబ్బా చేతిలో పెట్టి గ్రూపు ఫొటో దిగి పోయేవారు. సోషల్ పాఠాలు చెప్పేవాళ్ళను చూసుకునే పని నాది. మరుసటేడు కొత్తవాళ్ళు వచ్చేసరికి పాత ముఖాలు మరిచిపోవడం కూడా నా అలవాటే.

ఈ పిల్ల కాగజ్‌నగర్ నుంచి వచ్చింది. చంకలో చార్టు లేదు. పాత జాకెట్టు గుడ్డతో వాళ్ళమ్మ కుట్టిచ్చిన చిన్న సంచి ఒకటి, అందులో ఫోను. దాన్ని ఏ పిల్లవాడి చేతికిచ్చినా ముందు కొంగుతో తుడిచేది. బడికి పంపే బిడ్డ ముక్కు తల్లి తుడిచినట్టే తుడిచేది. మూడో రోజుకే పిల్లలు ఆమెకు 'ఫోను టీచర్' అని పేరు పెట్టేశారు. ఆ పేరు నాకూ చెప్పారు, నేను వద్దనలేదు. నాకు ఫోను పాఠాలంటే ఒళ్ళు మంట. సుద్దముక్క, గ్లోబు, గొంతు, ఈ మూడూ ఉన్నవాడికి నాలుగోది ఎందుకని నా వాదం.

ఆమె మాటకు పిల్లలు మొదట నవ్వారు. మహారాష్ట్ర సరిహద్దు పలుకు అది, కొసన సాగుతుంది. వేరే ఎవరైనా అయితే ముఖం ముడుచుకునేవారు. ఆమె మాత్రం, "మా దిక్కు మాటకు జర మరాఠీ తాలింపు ఉంటది. నాలుగు దినాలు తింటె మీకే అలవాటైతది" అంది. ఆ వారం తిరిగేసరికి సగం తరగతి ఆమెలాగే సాగదీసి మాట్లాడటం మొదలుపెట్టింది.

ఆమెకొక మాట ఉండేది. "ఫోను గూడ బడికొచ్చిన పిల్లనే సార్. దానికి మన ఊరు తెల్వది. మనమే నేర్పాలె." నిజంగానే నేర్పింది. ఫోను పటంలో మా ఊరు ఉత్త తెల్లటి చుక్క. పిల్లల్ని వెంటబెట్టుకుని తిరిగి వాగు, బియ్యం మిల్లు, పీర్ల కొట్టం, బస్సు ఆగే చోటు ఒక్కొక్కటే అందులో పెట్టించింది. ఎవడో తొందరపడి వేలు జార్చడంతో మా బడి రెండు రోజులు వాగులో ఉంది. హెడ్మాస్టరు ఆ రెండు రోజులూ 'ఈదుకుంటూ వస్తున్నా' అన్నాడు.

మా బడికి గోడకు బిగించిన పెద్ద డిజిటల్ బోర్డు ఒకటి వచ్చి ఉంది. దాని మీద దుప్పటి కప్పి, దుమ్ము పడకుండా భద్రంగా చూసుకునేవాళ్ళం. దసరాకు ఆయుధపూజలో దానికీ పసుపు కుంకుమలు పెట్టాం, కొబ్బరికాయ కొట్టాం. పాఠం ఒక్కటే చెప్పలేదు. ఆ పిల్ల దుప్పటి తీసి చూసి, చాలా మర్యాదగా అడిగింది.

"బొట్టు తుడువచ్చునా సార్? లేకుంటె దేవుని మీద రాసినట్టయితదా?"

నాకు కోపం రావలసింది, నవ్వొచ్చింది. తుడవమన్నాను.

అందులో భూమి తిరిగే బొమ్మ వేసింది. నీలంగా, గుండ్రంగా, సినిమాలా ఉంది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. మర్నాడు ఆమె ప్రశ్నలడిగితే ఒక్కడికీ ఒక్క ముక్క రాలేదు. వెనక బెంచీలోంచి ఎవరో, "టీచర్, మల్ల బొమ్మ పెట్టరా?" అన్నారు. నేను కిటికీ దగ్గర నిలబడి మీసం కింద నవ్వుకున్నాను. దొంగతనంగా నవ్వాననుకున్నాను గాని ఆమె చూసింది. చూసి, రికార్డు పుస్తకం చివరి పేజీ తీసింది. అందరి రికార్డుల్లోనూ చివరి పేజీ ఖాళీగా ఉంటుంది. ఆమె దానికి 'పనికి రానియి' అని పేరు పెట్టుకుంది. అందులో రాసుకుంది: 'బొమ్మ చూసిన్రు. పాఠం చూడలే.'

ఆ ఒక్క వాక్యం చదివాక నేను ఆమెను ఎక్కిరించడం మానేశాను. పూర్తిగా కాదు, చాలావరకు.

ఇంకొకటి గమనించాను. పిల్లలు తప్పు చెబితే ఆమె తప్పు అనేది కాదు. "మల్లొకసారి చెప్పు" అనేది. అంతే. చెప్పినవాడు రెండోసారి సగం దాకా వచ్చి తానే నాలుక కరుచుకునేవాడు. ఈ కిటుకు ఏ పుస్తకంలోదని అడిగాను ఒక సాయంత్రం, ఇద్దరం బస్సు కోసం నిలబడ్డప్పుడు.

"పుస్తకంది కాదు సార్, మా బాపుది" అంది.

వాళ్ళ బాపు కాగితం మిల్లులో పనిచేసేవాడు. మిల్లు బందైననాటికి ఈమె ఆరో తరగతి. ఆయన మస్కట్ పోయాడు. అప్పటినుంచి వారానికొకసారి, శుక్రవారం ఆయనకు సెలవు రోజు, ఫోను వచ్చేది. ఇంట్లో ఇంకెవరూ ఆ రోజు ఫోను ముట్టకూడదు. కుశలం రెండు నిమిషాలు, మిగతాదంతా చదువు.

"ఎక్కాలు ఫోన్లనే ఒప్పజెప్పించుకున్నడు సార్. పదమూడో ఎక్కం కెల్లి ఇరవై దాంక. గటెన్క పద్యాలు, రాజధానులు, అన్ని. ఆయన చదివింది అయిదే. నేను తప్పు చెప్తె ఆయనకెట్ల తెలుస్తది? తెల్వది. కని ప్రతిసారి, మల్లొకసారి ఒప్పజెప్పు బిడ్డా అంటుండె. రెండోసారి చెప్తుంటె నా తప్పు నాకే దొరుకుతుండె."

"మిల్లు మళ్ళీ తెరిచారు గదమ్మా, మరి రాలేదా?"

"రమ్మన్నం. రాలే. నువ్వు టీచరమ్మవైతున్నవని తెలిసినంకనే వస్త అన్నడు." కొంగు కొస వేలికి చుట్టుకుంటూ దారి వైపు చూసింది. "ఫైనల్ లెసన్ తప్పితె ఇంకో ఏడు పోతది సార్. నాకొక్కదానికే గాదు, ఆయనకు గూడ."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కిపోయింది. నేను కరీంనగర్‌లో మా ఇంటికి పోయే బస్సు ఎక్కడం మరిచి అక్కడే నిలబడ్డాను. ఫోనంటే నాకు ఆట వస్తువు. ఆ పిల్లకు అది వాళ్ళ బాపు కూర్చునే అరుగు. ఆ సంగతి తెలియక నెల రోజులు నోరు పారేసుకున్నాను.

ఫైనల్ లెసన్ దగ్గరికొచ్చింది. తొమ్మిదో తరగతి, రేఖాంశాలు, కాలంలో తేడా. బయటి నుంచి ఇద్దరు పరీక్షకులు వచ్చి కూర్చుంటారు. అందులో పెద్దాయన సంగతి నాకు తెలుసు. రికార్డులో గీత వంకర పోతే మార్కు కోసే రకం. "చూడమ్మా, నీకు దండం పెడతాను. చార్టు గీసుకో, గ్లోబు తిప్పు, మార్కులు తెచ్చుకో. ప్రయోగాలు ఉద్యోగం వచ్చాక చేసుకో" అన్నాను.

ఆమె వినలేదు. పరీక్ష శుక్రవారం పెట్టించమని నా ప్రాణం తీసింది. మా తరగతిలో సగం మంది తండ్రులు మస్కట్‌లోనో దోహాలోనో ఉన్నారు. శుక్రవారం వాళ్ళకు తీరిక. ఆ తండ్రులందరినీ వాట్సాప్‌లో ఒక గ్రూపు చేసింది. వాళ్ళ బాపును కూడా చేర్చింది. నన్నడగకుండా నన్నూ చేర్చింది.

"నన్నెందుకే అందులో?"

"మీరు క్లాస్ టీచర్ గద సార్. మీరు లేకుంటె గా బాపులు నన్ను నమ్మరు."

ఉన్నాను గాని ఆ గ్రూపులో నేనెన్నడూ నోరు విప్పలేదు. వినడమే నా పని. ఆమె పంపిన మాటా విన్నాను. "అందరికి నమస్తె. శుక్రవారం పగటి పన్నెండు గంటలకు ఒక స్కేలు ఎండల నిలవెట్టి నీడ ఎంతుందో కొలిసి చెప్పుండ్రి. ఈడ మీ పిల్లలు గూడ కొలుస్తరు." మా నీడ పొట్టిగా ఉంటుంది, అదే క్షణాన అక్కడి నీడలు పొడుగ్గా వస్తాయి, ఎందుకని అడుగుతుంది. అదీ పాఠం. ముప్పై ఏళ్ళు రేఖాంశాలు చెప్పినవాణ్ణి నేను. ఆ మాటలో ఉన్న తప్పు నాకూ తట్టలేదు.

శుక్రవారం పిల్లలందరూ బడి ముందర ఆవరణలో స్కేళ్ళు నిలబెట్టారు. పరీక్షకులిద్దరికీ కుర్చీలు వేశాం. పన్నెండు కొట్టగానే నీడలు కొలిచారు, బోర్డు మీద రాశారు. "గిప్పుడు మీ బాపులు ఏం చెప్తరో విందాం" అని ఆమె ఫోను తీసి, కొంగుతో తుడిచి, బల్ల మీద పెట్టింది.

ఫోను పలకలేదు.

అయిదు నిమిషాలు చూశాం. ఆమె ఇంకొకసారి తుడిచింది. పెద్దాయన గడియారం చూసుకున్నాడు, పక్కనున్న మేడం రికార్డు పేజీలు తిప్పింది. మూడోసారి కూడా ఆమె ఫోనే తుడిచింది. తుడుస్తూ నా వైపు చూసింది. నేను నేల చూశాను. పరీక్ష నాకేనేమో అనిపించింది. అప్పుడు అర్థమైంది నాకు. పన్నెండు గంటలకు అని చెప్పాం. ఎవరి పన్నెండో చెప్పలేదు. సైరన్ ప్రకారం లేచి సైరన్ ప్రకారం తినే మనుషులు వాళ్ళు. పన్నెండంటే గోడ గడియారంలో పన్నెండు పడేదాకా కదలరు.

వెనక వరుసలో అక్షిత అనే పిల్ల ఉండేది. నేను పిలిచినా నోరు విప్పని పిల్ల. మెల్లగా లేచింది.

"టీచర్, మా బాపుకింకా పన్నెండు కాలే. మనకే అయింది."

ఆ పిల్ల ఆ మాట అనగానే మా ఫోను టీచర్ ఒక పని చేసింది. ఫోనును గుడ్డసంచిలో పెట్టి మూతి బిగించేసింది. అక్షిత ముందుకొచ్చి నిలబడింది.

"ఎందుకు కాలే?"

"గంటన్నర ఎన్క ఉంటడు టీచర్. మేం బడికి తయారైతుంటె బాపు గప్పుడే లేస్తడు."

"ఎందుకు ఎన్క ఉంటడు?"

"సూర్యుడు ముందుగాల మన దగ్గరికి వస్తడు. గటెన్క నడుసుకుంట బాపు దగ్గరికి పోతడు."

పెద్దాయన పెన్ను కదిలింది. ఆమె మాత్రం, బస్టాపులో నాకు చెప్పిన ఆ గొంతుతోనే, "మల్లొకసారి చెప్పు బిడ్డా" అంది.

అక్షిత మొదలుపెట్టింది. "సూర్యుడు ముందుగాల..." ఆగింది. నీడను చూసింది. "కాదు టీచర్. సూర్యుడు ఏడికి పోడు. మనమే తిరుగుతం. మనం ముందుగాల సూర్యుని ముందటికి వస్తం, బాపోల్లు మన ఎన్క వస్తరు."

"మా బాపు ఇంకా ఎన్క టీచర్! దోహా! రెండున్నర!" అని ఇంకొకడు అరిచాడు. అందరూ ఒక్కసారే లేచారు. ఆమె వాళ్ళను చేతులు పట్టించి గుండ్రంగా నిలబెట్టింది. వీపులు లోపలికి, ముఖాలు బయటికి. అక్షిత మా ఊరు. పక్కన ఇద్దరిని వదిలి ఒకడు మస్కట్, ఆ పక్కన ఇంకొకడు దోహా. సూర్యుడు తక్కువయ్యాడు. ఆమె చుట్టూ చూసి, చేతులు జోడించి, "సార్, జర మీరు సూర్యుడు కాండ్రి" అంది, పెద్దాయనతో.

ఆయన ముప్పై ఏళ్ళలో ఎన్ని పాఠాలు చూసి ఉంటాడో, సూర్యుడు మాత్రం కాలేదని ఆయన లేచిన తీరే చెప్పింది. రిజిస్టరు చంకలో పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. పిల్లలు తిరిగారు. మా ఊరు ఆయన ముందుకొచ్చింది. తర్వాత మస్కట్ వచ్చింది. ఆ తర్వాత దోహా. "పన్నెండయింది! మాకు పన్నెండయింది!" అని ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు కేకలు పెట్టారు. అంతలో గంట కొట్టారు.

సూర్యుడు కుర్చీలో కూర్చుని మళ్ళీ పరీక్షకుడయ్యాడు. ఆయన భుజం మీదుగా తొంగి చూశాను. తప్పే, కాని చూశాను. 'డిజిటల్ సాధనం పనిచేయలేదు' అని రాసి ఉంది. ఆమెకు చెప్పలేదు.

మధ్యాహ్నం బువ్వ చిన్న తరగతుల వాళ్ళది అయ్యాక గాని తొమ్మిదో తరగతికి అందదు. మా పిల్లలు పళ్ళాలు కడుగుతున్నారు. పరీక్షకులు హెడ్మాస్టరు గదిలో తింటున్నారు. ఒంటిగంటన్నర. నా చొక్కా జేబులో ఏదో తేలు కుట్టినట్టయింది. తీసేలోగా ఇంకొకటి. ఆ తర్వాత వరసపెట్టి మోగుతూనే ఉంది. మస్కట్‌లో పన్నెండు కొట్టింది.

"టీచరమ్మా, నమస్తె. మస్కట్‌ల గిప్పుడే పన్నెండయింది..."

"మా బాపు! మా బాపు!" అని అక్షిత తడి పళ్ళెంతోనే పరుగెత్తుకొచ్చింది. వెనకాలే తరగతంతా వచ్చి నన్ను చుట్టేసింది. ఒక తండ్రి నీడతో పాటు తన గదిలో వాళ్ళందరి పేర్లూ చెప్పాడు. ఒకాయన స్కేలు దొరకలేదని గరిటె నిలబెట్టానని చెప్పాడు. గోల విని పెద్దాయన ఎంగిలి చేత్తోనే బయటికొచ్చాడు. ఎవరూ ఆయన్ను పట్టించుకోలేదు. ఆయన పిల్లల వెనక నిలబడి, మెడ చాచి విన్నాడు.

చివరగా ఒక గొంతు వచ్చింది. పెద్దవయసు గొంతు, కొసన సాగే పలుకు.

"బిడ్డా, బాపును. పన్నెండయింది. నీడ కొలిసిన. ఒప్పజెప్తున్న, ఇను. స్కేలెంతుందో నీడ గంతే. తప్పయితె చెప్పు. మల్లొకసారి ఒప్పజెప్త."

పిల్లల వెనకే వచ్చిన మా ఫోను టీచర్ మోకాళ్ళ మీద అక్కడే కూర్చుండిపోయింది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో పిల్లలకు తెలియలేదు. నాకు తెలిసింది, ఎందుకంటే నేనూ అదే పని చేస్తున్నాను.

పెద్దాయన చేయి కడుక్కుని వచ్చి నా పెన్ను అడిగాడు. రాసిన వాక్యాన్ని కొట్టేశాడు. బదులు ఏం రాశాడో నాకు కనపడలేదు. ఈసారి మోచేయి అడ్డం పెట్టుకున్నాడు.

ఫలితాలొచ్చిన కొన్నాళ్ళకు గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. కాగజ్‌నగర్ స్టేషన్. తాళ్ళతో బిగించిన పెద్ద పెట్టె, చంకలో మడత దుప్పటి, సన్నగా ఒక మనిషి. ఆయన చేయి గట్టిగా పట్టుకుని ఈమె. ఉద్యోగం రావడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది, వచ్చింది. ఆదిలాబాదు లోపల ఎక్కడో అడవి పక్క ఊరు. "ఫోను టీచర్‌కు సిగ్నల్ లేని ఊరిచ్చిన్రు సార్. గుట్టెక్కితెనే రెండు గీతలు పడతయి. ఫికర్ లేదు, ఈడ ఎండ మస్తుగున్నది, నీడ గూడ ఉంది" అని ఒకసారి గుట్ట మీంచి పంపింది. ఆ మాట కూడా విన్నాను. జవాబు ఇవ్వలేదు. వినడమే నా పని అనుకుని ఇన్నేళ్ళూ గడిపేశాను.

"ఏం చేయమంటరు సార్?" భాయ్ అడిగాడు.

"అన్నీ తీసెయ్ భాయ్. నా ఫొటోలు కూడా తీసెయ్. ఆ ఒక్క గ్రూపు ముట్టకు."

ఫోను చేతిలోకి వచ్చింది. గోడ గడియారం చూశాను, పన్నెండు. ఒంటిపూట బడుల కాలం. అక్కడ ఆమె ఇంకా తరగతిలోనే ఉంటుంది. భాయ్ బల్ల మీద జానెడు స్క్రూడ్రైవర్ ఉంటే అడిగి తీసుకుని, దుకాణం ముందర బండ మీద కూర్చుని నిలబెట్టాను. రెండు వేళ్ళంత నీడ పడింది. భాయ్ బయటికొచ్చి నన్నూ స్క్రూడ్రైవర్‌నూ మార్చి మార్చి చూశాడు.

"ఏంది సార్, ఏం పరేషాన్?"

"ఆగు భాయ్. పాఠం ఒప్పజెప్పాలె."

మైకు బొమ్మ మీద వేలు పెట్టి నొక్కాను. ఆ గ్రూపులో నా మొదటి మాట అది. గొంతు సవరించుకున్నాను, నిండు తరగతిలో లేచి నిలబడ్డవాడిలా.

"అమ్మా టీచర్. కరీంనగర్‌ల పన్నెండయింది. నీడ కొలిసిన. ఒప్పజెప్తున్న, ఇను..."

పంపాను. ఒక్కటే టిక్కు పడింది, రెండోది ఆమె గుట్టెక్కాక గాని పడదు. అక్కడింకా పన్నెండు కాలేదు కాబోలు.